ఆరుగురికి ఒక్క పేరు

పొద్దున ఏడు గంటల బ్యాచ్‌కి అమీర్‌పేటలో సర్వర్ల పాఠం చెప్పడం నా పని. నిద్ర చాలని హాస్టలు పిల్లలు ఎదురుగా వరసగా కూర్చుని ఆవలిస్తుంటే, యూజర్లంటే ఏంటి, పర్మిషన్లంటే ఏంటి అని గొంతు చించుకుంటాను. తొమ్మిదిన్నరకి అది అయిపోతుంది. ఆ తర్వాత ఎవరైనా పిలిస్తే చిన్న ఆఫీసులకు వెళ్ళి వాళ్ళ సర్వర్లు చక్కబెట్టి వస్తాను. క్లాసులో ఎంత ఓపిగ్గా ఉంటానో బయట అంత ఉండను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ చెప్పీ చెప్పీ అలిసిపోయింది. నేను కోస్తా నుంచి ఈ ఊరొచ్చి పద్దెనిమిదేళ్ళు. ఊరు నన్ను బాగానే చూసుకుంది, నా నోరు మాత్రం వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

పంజాగుట్ట చౌరస్తా దాటి ఒక సందులోకి తిరిగితే, రెండో అంతస్తులో ఉంది ఆ డీటీపీ ఆఫీసు. స్కూలు గైడ్లు, చర్చి పాటల పుస్తకాలు, సంఘాల సావనీర్లు, పెళ్ళికార్డులు, తెలుగులో ఏది అచ్చు కావాలన్నా అక్కడ టైపు చేసి, పేజీలు కట్టి ప్రెస్సుకి పంపిస్తారు. యజమాని గుంటూరు వైపాయన. మెల్లగా, మర్యాదగా మాట్లాడతారు. సగం రోజు ప్రెస్సులోనే ఉంటారు. ఆయనే ఫోను చేశారు.

"మావాళ్ళు ఆరుగురండీ. పేజీలన్నీ సర్వర్లోనే ఉంటాయి. అదేమో ఒకసారికి ఇద్దర్నే రానిస్తోంది. ఏదన్నా దారి చూడండి."

వెళ్ళి చూస్తే సర్వరు మంచినీళ్ళ క్యాన్ల పక్కన స్టూలు మీద ఉంది. దానికి దసరాకి పెట్టిన బొట్టు చెరగలేదు. పైన గోడకి బైబిలు వాక్యాల క్యాలెండరు. రెండువైపుల నుంచీ దీవెనలు అందుతున్నాయి, అందుకే ఇన్నాళ్ళు నడిచిందనుకున్నాను.

ఆరుగురూ తమ తమ కంప్యూటర్ల నుంచి ఆ సర్వర్లోకి వెళ్ళి పనిచేస్తారు. మూడో మనిషి వెళ్తే లోపలున్న ఇద్దరిలో ఒకరు బయటికొచ్చి పడతారు. ఆ గొడవ లేకుండా వాళ్ళు ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఫోనులో ఒక గ్రూపు. దాని పేరు 'లోపల ఎవరు'. అందులో రోజంతా ఇవే రాతలు: "లోపలికి పోతున్న." "బయటికొచ్చిన, ఎవరన్న పోండ్రి." "జర ఐదు నిమిషాలు ఆగుండ్రి, పేజీ అయిపోవొచ్చింది." నేను హాస్టల్లో ఉన్న రోజుల్లో బాత్రూం దగ్గర కూడా ఇంత మర్యాద చూడలేదు.

అదంతా ముచ్చటగానే ఉంది. ఆ తర్వాత తెలిసింది, ఆరుగురూ వెళ్ళేది ఒక్క పేరుతోనే. అదీ మామూలు పేరు కాదు, అడ్మినిస్ట్రేటర్. ఆ పేరుతో వెళ్ళినవాళ్ళు సర్వర్లో ఏదైనా చెయ్యచ్చు, చెరిపెయ్యనూ వచ్చు. పాస్‌వర్డు క్యాలెండరు వెనక కాగితం మీద రాసి అంటించారు. తాళం వేసి చెవి గుమ్మానికి వేలాడదీసినట్టుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఈ పేజీ ఎవరు చేశారు?" అని తెరమీద ఒకటి చూపించి అడిగాను.

"మేమే చేసినం మేడం."

"మేమే అంటే ఎవరు?"

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మేమే," అంది అందరిలో పెద్దావిడ, నాకేదో అర్థం కావట్లేదన్నట్టు.

ఆవిడకి యాభై దాటి ఉంటాయి. ఆఫీసు పెట్టినప్పట్నుంచీ ఉంది. యూసుఫ్‌గూడలో ఇల్లు. అందరూ అక్క అంటారు, యజమాని ఒక్కరే అమ్మా అంటారు. పాత కీబోర్డు పద్ధతిలో, వేళ్ళు చూసుకోకుండా, ఎవరితోనో మాట్లాడుతూ కూడా తప్పు లేకుండా కొడుతుంది. "గీ సర్వరు మంచిదే మేడం, జర ఇరుకు, అంతే," అని నన్నే సముదాయించింది.

ఆ వారం రెండ్రోజులు కూర్చుని మొత్తం మార్చేశాను. చాలామంది ఒకేసారి లోపలికొచ్చి పనిచేసుకునే ఏర్పాటు సర్వర్లోనే ఉంటుంది, దాన్ని ఎక్కించాలి, మనిషికొక లైసెన్సు కొనాలి. నాలుగు నెలలు లైసెన్సు లేకుండా నడుస్తుంది. గడువు అయిపోగానే గడియారం వెనక్కి తిప్పినట్టు దాన్ని మళ్ళీ మొదటికి తెచ్చే కిటుకు అమీర్‌పేటలో ఏ మెట్ల మీద నిలబడి అడిగినా చెప్తారు. నా దగ్గర ఆ దొంగపని లేదు, కొనాల్సిందే అన్నాను. యజమాని కొన్నారు. ఆరుగురికీ ఆరు పేర్లు పెట్టాను, సర్వర్లోనే ఆరుగుర్నీ ఒక గ్రూపులో చేర్చి ఆ గ్రూపుకి మాత్రమే అనుమతి ఇచ్చాను. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డు మార్చేశాను. క్యాలెండరు వెనక కాగితం పీకి ముక్కలు చేసి బుట్టలో పడేశాను. ఆ పని చేస్తున్నప్పుడు నాకు కలిగిన తృప్తి ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

"ఒక్కో పేరుకీ ఒక్క గది," అని వాళ్ళకి పాఠం చెప్పాను. "కరెంటు పోయినా, నెట్టు పోయినా, వేరే కంప్యూటర్ నుంచి మీ పేరుతో వచ్చినా, అదే గదిలోకి వస్తారు. మీరు ఏ అక్షరం దగ్గర ఆగారో కర్సరు అక్కడే ఉంటుంది."

"ఏ కంప్యూటర్ నుంచైనానా?" అని పక్క కుర్చీ ఆవిడ అడిగింది. అక్క పక్కన కూర్చునే ఆవిడ, మా కోస్తావైపే, నా ఈడే ఉంటుంది. తెలివైన ప్రశ్న అడిగిందని మెచ్చుకున్నాను. ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో నాకు అప్పుడు తట్టలేదు.

అదే రోజు యజమాని నన్ను లోపలికి పిలిచి తలుపు దగ్గరగా వేశారు. అక్క భర్తకి మూడు నెలల కిందట పక్షవాతం వచ్చిందట. మంచం మీద ఉన్నాడు. పిల్లలు లేరు, చూసేవాళ్ళు వేరే లేరు. ఇంటినుంచి పని చేసుకుంటానని అక్క అడిగింది. "ఇవ్వాలనే ఉందండీ. కానీ ఇంట్లో కూర్చుని నిజంగా చేస్తుందో లేదో నాకెలా తెలుస్తుంది? రేపు మిగతావాళ్ళూ అడుగుతారు."

నేనుండగా ఆ మాటేంటి అనిపించింది. "దానిదేముందండీ! ఎవరు ఎప్పుడొచ్చారో, ఎప్పుడు పోయారో, ఎక్కడినుంచి వచ్చారో, అన్నీ సర్వరు రాసుకుంటుంది. లిస్టు తీసిస్తాను. నిమిషాలతో సహా చూసుకోండి," అన్నాను. అక్కకి మేలు చేస్తున్నాననే అనుకున్నాను. కొంత గొప్ప కూడా ఉంది, లేదని ఎందుకు అబద్ధం చెప్పాలి.

ఆయన మొహం తేటపడింది. "అయితే ఒక నెల చూద్దాం. రోజుకి ఎనిమిది గంటలు పడితే ఇంటినుంచే చేసుకోమందాం. పడకపోతే మాత్రం ఆఫీసుకి రాక తప్పదు." రాలేకపోతే అనే మాట ఆయన అనలేదు. అక్కకి రావడం కుదరదని ఇద్దరికీ తెలుసు.

యూసుఫ్‌గూడలో వాళ్ళ ఇంటికి వెళ్ళి నేనే అన్నీ పెట్టి వచ్చాను. మేడ మీద రెండు గదుల వాటా. ముందు గదిలో మంచం, మంచానికి ఎదురుగా బల్ల మీద ఆఫీసు ల్యాప్‌టాప్, ఆయన్ని చూస్తూ పనిచేసుకోవచ్చు. అక్క కొత్త పాస్‌వర్డు కాగితం మీద రాసుకోబోతే కసిరాను. "సరే మేడం, రాయను," అని నవ్వి నాకు చాయ్ ఇచ్చింది.

ఇల్లలకగానే పండగ కాదు. నెల తిరిగాక లిస్టు తీద్దామని పంజాగుట్ట వెళ్ళాను. యజమాని ఇంకా ప్రెస్సు నుంచి రాలేదు. సర్వరు ముందు కూర్చుని ఒక్కొక్క పేరూ తీస్తున్నాను. అక్క పేరు మీద రోజుకి ఎనిమిది గంటలు నిండుగా ఉన్నాయి. సంతోషించాను. అప్పుడు పక్కనున్న గడి మీద కన్ను పడింది. ఎక్కడినుంచి వచ్చారో రాసే గడి. తొమ్మిదింటికి యూసుఫ్‌గూడ. పది దాటగానే పంజాగుట్ట. పదకొండున్నరకి మళ్ళీ యూసుఫ్‌గూడ. కాసేపటికి మళ్ళీ పంజాగుట్ట. రోజూ ఇదే వరస. ఒక్క మనిషి రోజుకి అన్నిసార్లు చౌరస్తా దాటి వచ్చిపోవాలంటే రెక్కలుండాలి.

పంజాగుట్టలో ఏ కంప్యూటరో కూడా సర్వరు రాసుకుంది. ఎక్కువ సార్లు పక్క కుర్చీది. అప్పుడప్పుడూ మిగతా నలుగురివీ.

లేచి వెళ్ళి పక్క కుర్చీ ఆవిడ మీద విరుచుకుపడ్డాను. "నేను చెప్పిందేంటి, మీరు చేస్తున్నదేంటి? ఒకరి పాస్‌వర్డు ఒకరికి తెలియకూడదనే కదా ఇంత అఘోరించాను! ఆరు పేర్లు పెట్టింది ఇందుకేనా?"

ఆవిడ అదరలేదు, బెదరలేదు. కుర్చీ నావైపు తిప్పింది. "ఆయన్ని రెండు గంటలకోసారి పక్క మార్చాలండీ. నోట్లో పెట్టి తినిపించాలి. అక్క లేచి వెళ్ళేముందు 'జర చూడు' అని నాకు ఫోనులో పెడుతుంది. నేను లోపలికెళ్ళి, ఆవిడ ఆపిన చోటునుంచి కొడతాను. వచ్చాక 'వచ్చిన' అంటుంది, నేను బయటికొచ్చేస్తాను. అక్షరం దగ్గర కర్సరు ఉంటుందని మీరేగా చెప్పారు."

"ఎన్నాళ్ళనుంచి?"

"ఆయన పడిపోయిన దగ్గర్నుంచి. అప్పుడు అందరిదీ ఒక్క పేరేగా, ఎవరు చేస్తే ఏంటి. అక్క మూడింటికే వెళ్ళిపోయేది. మిగిలిన పేజీలు మేం పంచుకునేవాళ్ళం. ఒక్క పుస్తకం ఆలస్యమైందేమో సార్‌ని అడగండి."

పేజీ ఎవరు చేశారని అడిగితే అక్క 'మేమే' అని ఎందుకందో అప్పటికి తెలిసింది. వాళ్ళు నాకు నిజమే చెప్పారు.

ఇప్పుడు నా చేతిలో లిస్టుంది. అలాగే ఇస్తే అక్క ఉద్యోగం పోతుంది. ఆ ఒక్క గడి తీసేసి ఇస్తే ఎవరికీ ఏమీ తెలియదు, రోజుకి ఎనిమిది గంటలు నిక్షేపంలా కనబడుతున్నాయి. పద్దెనిమిదేళ్ళలో నేను సర్వరు చెప్పినదాన్ని మార్చి ఎవరికీ ఇవ్వలేదు. అయినా ఇది మార్చి ఇద్దామనే అనుకున్నాను. కానీ అక్కకి ఒక మాట చెప్పాలి. రేపు యజమాని ఏదన్నా అడిగితే ఆవిడా నేనూ ఒకే మాట చెప్పాలి కదా.

లిస్టు అచ్చు తీసుకుని, షేర్ ఆటో ఎక్కి యూసుఫ్‌గూడ వెళ్ళాను. అక్క ఆయనకి గడ్డం గీస్తోంది. ఆయన ఒక కంటితో నన్ను చూసి తల ఊపాడు. అక్క చెయ్యి తుడుచుకుని వచ్చి కాగితం తీసుకుంది. ఏ గడి ఏంటో చెప్పి, ఆ చివరి గడి తీసేసి ఇస్తానని, భయపడొద్దని చెప్పాను.

ఆవిడ నా మాట వింటున్నట్టు లేదు. కాగితం మీద వేలు పెట్టి ఒక్కో వరసే కిందికి దిగుతోంది. ఒకచోట ఆగింది.

"గిది ఏంది మేడం? పది అయిదుకు పోయిన, పదకొండు ముప్పైకి వచ్చిన?"

"అవును."

"పావుగంట అనుకున్న. ఆయనకు పక్క మార్చి, ఇడ్లీ తినవెట్టి వచ్చిన. గంటన్నర దాక వట్టిందా?"

నేను చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను. "మధ్యాహ్నం కూడా అలాగే ఉంది."

"మొత్తం రోజుల నేనెంతసేపు ఉన్న?"

"మూడు గంటలు. ఒక్కోరోజు ఇంకొంచెం తక్కువ."

అక్క కుర్చీలో కూర్చుంది. "నేను ఆరు గంటలు చేస్తున్ననుకున్న మేడం. ఆఫీసుల పిల్లలు జర గంటన్నరో రెండు గంటలో చేస్తున్నరు, క్రిస్మస్‌కి అందర్ని పిలిచి మంచిగ వండి వెడ్త అనుకున్న. సగం కన్న ఎక్కువ వాళ్ళే చేస్తుండ్రా? ఒక్కనాడన్న చెప్పలె." కళ్ళు తుడుచుకుంది. బాధతోనా, ఇంకెందుకోనా నాకు తెలియలేదు. ఆవిడకీ తెలుసని అనుకోను.

"దాన్దేముందక్కా, గడి తీసేస్తానన్నానుగా," అన్నాను.

"వద్దు. నువ్వు జెయ్యకు." మొదటిసారి నన్ను నువ్వు అంది. "ఒక్క పేరున్నప్పుడు అది అందరి పని. ఎవరు జేసినా తప్పు లేకుండె. ఇప్పుడు దాని మీద నా పేరు రాసినవ్. నేను జెయ్యంది నా పేరు మీద ఉంటే అబద్ధమైతది. దేవుని ముంగట రోజూ మోకరిస్త నేను, ఈ కాగితం వెట్టుకొని ఎట్ల మోకరియ్యాలె?"

వాదించాను. ఉద్యోగం పోతుందని కూడా అన్నాను, మంచం మీదున్న ఆయనకి వినబడేలా. నాకు కోపం వస్తే ఎవరు వింటున్నారో చూసుకోను. అక్క లేచి చాయ్ పెట్టింది, ఆ మాట ఇక ఎత్తలేదు.

మర్నాడు అక్క కింది వాటా ఆవిడని మంచం దగ్గర కూర్చోబెట్టి ఆఫీసుకి వచ్చింది. నేనూ ఉన్నాను. మొత్తం గడులున్న కాగితమే యజమాని ముందు పెట్టింది. "సార్, గిండ్ల నా పేరు మీద ఉన్నదంత నేను చెయ్యలె," అని వరస ప్రకారం చెప్పింది. బయట టైపు చప్పుడు ఆగిపోయింది. పక్క కుర్చీ ఆవిడ తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

యజమాని అంతా విని, కాగితం బోర్లా తిప్పి బల్ల మీద పెట్టారు. "పేజీలు ఆగలేదు కదమ్మా. నాకు కావాల్సింది అదే. ఈ కాగితం నేను చూడలేదనుకో, నువ్వు చెప్పలేదనుకో."

ఇంతేనా, దీనికోసమా నిన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదనుకున్నాను.

"లేదు సార్," అంది అక్క. "ఇంటికాడ నుంచే పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాక నేనుంట. అండ్ల నా చేతనైనంత చేస్త. సగం జీతమే ఇయ్యుండ్రి. మిగిలింది ఎవరు జేస్తే వాళ్ళ పేరు మీద రాయుండ్రి."

"అక్కా, మేమేమన్నా అడిగామా?" పక్క కుర్చీ ఆవిడ గొంతు పెద్దదైంది.

"మీరడగలె బిడ్డా. ఎన్నడూ అడగరు. అందుకే చెప్తున్న. మీకు సుత ఇండ్లున్నయి."

యజమాని నావైపు చూశారు. ఆయన చూపులో నింద లేదు. ఉన్నా బాగుండేది. ఆ లిస్టు సంగతి నేను ఎత్తకపోతే ఆయనకి ఆ ఆలోచనే వచ్చేది కాదు. నా గొప్పతనం చూపించుకోవడానికి ఒక ఇంటి గుట్టు బల్ల మీద పరిచాను. నేను చేసిన పనిలో తప్పు ఎక్కడుందని ఎన్నిసార్లు వెతుక్కున్నా సర్వర్లో దొరకదు. అక్కడ అంతా పద్ధతిగానే ఉంది.

యజమాని సరేనన్నాక, వెళ్ళేముందు అక్క నన్ను పక్కకి పిలిచి పాస్‌వర్డు ఎలా మార్చుకోవాలో అడిగింది. చూపించాను. నేను అటు తిరిగి నిలబడితే, తనే కొత్తది కొట్టుకుంది.

ఆ తర్వాతి సోమవారం ఎవరికో ప్రింటరు పనిచెయ్యట్లేదంటే వెళ్ళాను. అది సరిచేసి, సర్వరు ఎలా ఉందో చూద్దామని కూర్చున్నాను. ఆరు పేర్లూ తెరమీద ఉన్నాయి. ఎవరు కదలకుండా ఎంతసేపైందో ప్రతి పేరు పక్కనా నిమిషాలు కనబడతాయి. అక్క పేరు పక్కన పద్నాలుగు. చూస్తుండగా పదిహేనైంది. పక్క మారుస్తోందన్నమాట.

వెనక పక్క కుర్చీ ఆవిడ కీబోర్డు చప్పుడు వినబడి తిరిగాను. 'జర చూడు' అని ఎవరూ పెట్టలేదు. అయినా ఆవిడ అలవాటు చొప్పున అక్క పేరు కొట్టి, పాత పాస్‌వర్డు కొట్టింది. తప్పని వచ్చింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ తప్పే. మూడోసారి చెయ్యి ఎత్తేసరికి నేను లేచి వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాను.

"మూడుసార్లు తప్పు కొడితే ఆ పేరుకి అరగంట తాళం పడుతుంది. అక్క వచ్చినా లోపలికి రావడం కుదరదు."

ఆవిడ చెయ్యి నా చేతిలోనే ఉంది. "మాకు చెప్పలేదే," అంది. తెర వైపు చూసి, "అక్క సగం పేజీ దగ్గర ఆగిందేమోనండీ," అంది. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఇద్దరం వచ్చి సర్వరు ముందు నిలబడ్డాం. ఇరవై ఆరు. ఇరవై ఏడు. లోపలికి వెళ్ళడానికి నాకు దారులు లేకపోలేదు, కానీ వెళ్ళకూడదు. కాసేపటికి మిగతావాళ్ళు కూడా లేచి వచ్చారు, ఎందుకని ఎవరూ అడగలేదు. ముప్పై ఎనిమిది. నలభై. ఎవరో నీళ్ళ క్యాను మీద కూర్చున్నారు.

నలభై మూడు తర్వాత ఆ అంకె సున్నా అయింది.

"వచ్చింది," అంది పక్క కుర్చీ ఆవిడ.